వాటర్సన్స్: 1968లో ఎందుకు ఆగిపోయారు, మళ్ళీ ఎలా కలిశారు? (చర్చ)

తంబురశ్రుతి:
ఇంగ్లండు జానపద గాయకబృందం వాటర్సన్స్ పాటలను కొంతకాలంగా వింటున్నాను. 1965లో తొలి రికార్డు, మరుసటి ఏడాది మరో రెండు, 1968లో బృందం విడిపోవడం, 1972లో తిరిగి కలవడం: పేరు బాగా వచ్చిన వేళ వారు ఎందుకు ఆగిపోయారన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. వారిని చాలాకాలంగా వింటున్నవారు, ఏ రికార్డుతో మొదలుపెట్టారో, ఆ విరామాన్ని ఎలా అర్థం చేసుకున్నారో దయచేసి రాయండి.

పాతరికార్డు:
నేను తొలి రికార్డు ‘ఫ్రాస్ట్ అండ్ ఫైర్’తోనే మొదలుపెట్టాను; ఎవరు అడిగినా దానినే ముందు వినమంటాను. నోర్మా, మైక్, లాల్ అనే ముగ్గురు తోబుట్టువులు యార్క్‌షైర్‌లోని హల్ ఓడరేవు నగరంలో చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకొని అమ్మమ్మ పెంపకంలో పెరిగారు. తొలుత స్కిఫిల్ (గిటారుతో పాటు ఇంట్లో చేసుకున్న వాద్యాలతోనూ పాడే, 1950ల నాటి తేలికపాటి జానపద శైలి) వాయించిన వీరు క్రమంగా వాద్యాలను పక్కన పెట్టి, బంధువైన జాన్ హారిసన్‌ను కలుపుకొని, నాలుగు గొంతులతోనే పాడసాగారు. హల్‌లోని బ్లూ బెల్ పబ్‌లో ఫోక్ యూనియన్ వన్ అనే పాటల క్లబ్బును కూడా నడిపారు.

మన భజనల్లో అందరూ ఒకే బాణీని కలిసి పాడతారు కనుక, వీరి గానం మొదట నా చెవికి చిక్కుముడిలా తోచింది. ఒకరు బాణీని మోస్తుండగా తక్కిన గొంతులు దానికి పైనా కిందా తమ దారి తాము వెతుక్కుంటాయి, అక్కడక్కడ ఒరుసుకుంటాయి, పాదం చివర ఒక్కచోటికి చేరుకొని నిలుస్తాయి. చర్చి గాయకుల పద్ధతిలో గొంతుల గరుకుదనాన్ని నునుపు చేయకపోవడమే వీరి బలమని నా నమ్మకం. ఒకసారి నోర్మాను, మరొకసారి మైక్‌ను మాత్రమే అనుసరిస్తూ వినండి, అల్లిక విడివిడిగా తెలుస్తుంది.

ఋతుగీతం:
ఒక చిన్న చేర్పు. ఆ రికార్డులోని పాటలు ఈస్టరు, మే నెల, పంటకోత, క్రిస్మస్ అంటూ సంవత్సరం పొడవునా సాగుతాయి. వాటికి జానపద గీతాల పరిశోధకుడు ఎ. ఎల్. లాయిడ్ రాసిన పరిచయం ఈ పాటల మూలాలను క్రైస్తవానికి పూర్వపు ఆచారాల్లో చూస్తుంది. తరువాతి పరిశోధకులు అలాంటి వాదాలను గట్టిగా ప్రశ్నించారు కనుక ఆ వ్యాఖ్యను చరిత్రగా కాక, 1960ల నాటి అభిరుచికి సాక్ష్యంగా చదవడం మంచిది.

లీడ్స్‌వాసి:
మీ అసలు ప్రశ్నకు జవాబు 1966లో డెరిక్ నైట్ తీసిన ‘ట్రావెలింగ్ ఫర్ ఎ లివింగ్’ అనే డాక్యుమెంటరీలో చాలావరకు దొరుకుతుంది. వ్యానులో ఊరూరా తిరగడం, పబ్బుల పై గదుల్లో పాడడం, మళ్ళీ రోడ్డెక్కడం, మధ్యలో ఎప్పుడో హల్‌లోని ఇల్లు చేరడం చూసినప్పుడు, ఆ జీవితం మనిషిని ఎంతగా అరగదీస్తుందో నాకు అర్థమైంది. వారు విడిపోయింది పాట మీద విసుగుతో కాదు, ప్రయాణాల అలసటతో. నోర్మా కరీబియన్ సముద్రంలోని మాంట్‌సెరాట్ దీవికి వెళ్ళి అక్కడి రేడియోలో పనిచేశారు.

ఆ విరామాన్ని వృథా కాలమనుకోవడం సరికాదని కూడా చెప్పాలి. లాల్, మైక్ సొంతంగా పాటలు కట్టింది ఆ ఏళ్ళలోనే. అవే 1972లో ‘బ్రైట్ ఫీబస్’గా వచ్చాయి. ఇంగ్లండు జానపద సంగీతంలో పేరున్న గిటారు వాద్యకారులు మార్టిన్ కార్తీ, రిచర్డ్ థాంప్సన్ వంటివారు అందులో వాయించారు. సంప్రదాయ గీతాలనే ఆశించిన శ్రోతల్లో చాలామందికి అది రుచించలేదు. పైగా నడిమి రంధ్రం పక్కకు జరిగిన రికార్డులు ఎన్నో బయటికి వచ్చాయి. 2017లో డొమినో సంస్థ తిరిగి విడుదల చేసేవరకు అది దొరకడమే కష్టంగా ఉండేది. లాల్ పాటల్లోని చీకటి నాకు ఇప్పటికీ కొత్తగానే వినిపిస్తుంది. తొలి మూడు రికార్డులను ఎంత ప్రేమించినా, ఈ కుటుంబం సృష్టిలో దీనినే నేను ముందు నిలుపుతాను.

పాతరికార్డు:
ఆ చివరి మాటతో నేను ఏకీభవించలేను. నలుగురూ కలిసి పాడినప్పుడు పుట్టే శక్తి ‘బ్రైట్ ఫీబస్’లో కొద్దిచోట్లనే ఉంది. 1972లో నోర్మా తిరిగివచ్చి మార్టిన్ కార్తీని పెళ్ళాడడం, కొద్దికాలానికే ఆయన హారిసన్ లేని లోటును పూరించడం బృందానికి రెండో జీవితాన్నిచ్చాయి. 1975 నాటి ‘ఫర్ పెన్స్ అండ్ స్పైసీ ఏల్’లో గొంతులు మరింత నెమ్మదించాయి, తొందర తగ్గింది. విరామం మేలు చేసిందని మీరన్న మాటకు నాకు అక్కడే రుజువు కనిపిస్తుంది.

తంబురశ్రుతి:
అందరికీ కృతజ్ఞతలు. డాక్యుమెంటరీ చూసిన తరువాత 1965, 1975 రికార్డులను పక్కపక్కనే పెట్టుకొని వింటాను. తరువాతి తరం సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఋతుగీతం:
నోర్మా, మార్టిన్, వారి కుమార్తె ఎలైజా కలిసి వాటర్సన్:కార్తీ పేరిట 1994లో తొలి ఆల్బమ్ విడుదల చేశారు. నోర్మా పేరుతో వచ్చిన తొలి సోలో ఆల్బమ్ 1996లో, బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు ఎంపికైంది. లాల్ 1998లో, మైక్ 2011లో, నోర్మా 2022 జనవరిలో మరణించారు. ఎలైజా ఫిడేలు వాయిస్తూ పాడే కచేరీలకు వెళ్ళే వీలుంటే, అక్కడినుంచి వెనక్కి వినుకుంటూ పోవడం కూడా మంచి దారే.