నోవా ఆగిపోయాక 137 మెగాహెర్ట్జ్ యాంటెనా కట్టడం దండగేనా?

మేడమీద_తీగ

ఒక గొడవ తేల్చుకోలేక ఇక్కడ పెడుతున్నాను. నేను 2024లో మొదలుపెట్టాను. రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక్కోటి 53.4 సెం.మీ., మధ్యలో స్క్రూలతో బిగించే ప్లాస్టిక్ కనెక్టర్, 120 డిగ్రీల కోణం. అందరూ మొదట చేసే వీ-డైపోలే. యూఎస్‌బీ ఎస్‌డీఆర్ డాంగిల్‌కి (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్) తగిలించి మొదటి రోజే అమెరికా వాతావరణ ఉపగ్రహం నోవా-19 నుంచి మబ్బుల బొమ్మ దింపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2025 జూన్‌లో నోవా-18ని, ఆగస్టులో 19నీ 15నీ ఆపేశారు. ఇప్పుడు 137లో వాతావరణ చిత్రాలకి నాకు మిగిలింది రష్యా వాళ్ల మీటియోర్-ఎం ఎన్2-3, ఎన్2-4. వాటి ఎల్‌ఆర్‌పీటీ, అంటే బొమ్మలు పంపే డిజిటల్ సిగ్నల్, నాకు సరిగ్గా అందట్లేదు. బొమ్మ వస్తుంది కానీ మధ్యలో నల్లటి పట్టీ. మా స్నేహితుడు "చచ్చిన బ్యాండు మీద ఇంకా తీగలు కట్టడమేంటి, డిష్ పెట్టుకుని 1.7 గిగాహెర్ట్జ్‌కి పో" అంటున్నాడు. నాకేమో క్యూఎఫ్‌హెచ్ (రెండు తీగ లూపులు మెలితిప్పి కట్టే యాంటెనా) కట్టాలని ఉంది. ఇప్పుడు 137 కోసం కొత్త యాంటెనా కట్టడం తెలివైన పనేనా?

డిష్‌పిచ్చి

మీ స్నేహితుడు చెప్పింది నిజం. నోవా పాత ఉపగ్రహాల తర్వాత వచ్చిన జేపీఎస్‌ఎస్ శ్రేణి నేరుగా పంపే డేటా 7.8 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, అందులో 137 ఊసే లేదు. రెండు ఉపగ్రహాల కోసం ఒక బ్యాండు పట్టుకు వేలాడటం ఎందుకు?

భూస్థిర ఉపగ్రహమైతే ఆకాశంలో ఒకేచోట ఉంటుంది. డిష్ ఒకసారి గురి చూసి బిగిస్తే పగలూ రాత్రీ బొమ్మలే, భూగోళం మొత్తం గుండ్రంగా. మీరున్న చోటి నుంచి అమెరికా వాళ్ల గోస్ కనిపిస్తే 1694.1 మెగాహెర్ట్జ్, రష్యా వాళ్ల ఎలెక్ట్రో-ఎల్ అయితే 1691. వైఫై గ్రిడ్ డిష్ ఒకటి, ఆ ఫ్రీక్వెన్సీకి ఫిల్టర్ ఉన్న ఎల్‌ఎన్‌ఏ (నీరసమైన సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) ఒకటి ఉంటే చాలు. రోజుకి నాలుగైదు సార్లు పావుగంట పాస్ (ఉపగ్రహం మన ఆకాశం దాటే సమయం) కోసం మేడెక్కి కూర్చునే బాధ తప్పుతుంది.

రాగితీగ

డిష్‌పిచ్చి గారూ, ఇది నేల విడిచి సాము. భూస్థిర కక్ష్య 35,786 కి.మీ. ఎత్తులో ఉంది, మీటియోర్ దాదాపు 830 కి.మీ.లో. దూరం 40 రెట్లకు పైన. దూరం ఒక్కటే లెక్కేసినా సిగ్నల్ 30 డెసిబెల్స్‌కి మించి పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే డిష్, ఎల్‌ఎన్‌ఏ, ఫిల్టర్, కేబుల్ పొట్టిగా ఉండాలన్న నియమం. వీటిలో ఒక్కటి తేడా చేసినా తెర మీద ఏమీ కనపడదు. ఏది తప్పో కూడా తెలీదు. ఆయన దగ్గర ఇప్పుడు ఎల్‌ఎన్‌ఏ కూడా లేదు.

137లో తప్పు చేసినా ఏదో ఒకటి వస్తుంది. ఆ ఏదో ఒకటి చూసే మనం సరిదిద్దుకుంటాం.

నా ఓటు క్యూఎఫ్‌హెచ్‌కే. మీటియోర్ సిగ్నల్ కుడివైపు తిరిగే వృత్తాకార ధ్రువణంలో, అంటే తరంగం మెలితిరుగుతూ వస్తుంది. డైపోల్ దాన్ని సగమే పట్టుకుంటుంది, అంటే 3 డెసిబెల్స్ ఊరికే పోయాయి. డిజిటల్‌లో ఆ మూడే బొమ్మకీ నల్లపట్టీకీ తేడా.

పాత_రేడియో

ఏదో ఒకటి వస్తుంది అన్నారు చూడండి, అది ఏపీటీ, అంటే నోవా వాడిన పాత అనలాగ్ బొమ్మల పద్ధతి, రోజుల మాట. 1963 చివర్లో టైరోస్-8తో మొదలైన పద్ధతి, అరవై ఏళ్లకు పైగా నడిచింది. సెకనుకి రెండు గీతలు, 2400 హెర్ట్జ్ కూత, టిక్కుటిక్కుమని గడియారంలా. సిగ్నల్ పడిపోతే చెవికి ముందే తెలిసిపోయేది. కడ్డీని ఇటు తిప్పితే గరగర, అటు తిప్పితే శుభ్రం. నేను యాంటెనా నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఆ గరగరలో.

ఎల్‌ఆర్‌పీటీ అలా కాదు. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లని చూపించే తెర మీద) సుమారు 120 కిలోహెర్ట్జ్ వెడల్పున ఒక దిమ్మ లేస్తుంది, చెవికి వట్టి బుస్సుమనే శబ్దం. లోపల తప్పులు దిద్దే కోడింగ్ ఉంటుంది కాబట్టి కొంతవరకు ఎంత గొడవైనా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ గీత దాటిందా, నలుపు. మధ్యేమార్గం లేదు. కాబట్టి కొత్తవాళ్లకి 137 సులువు అన్న వాదన ఇప్పుడు సగం చచ్చింది. అలాగని డిష్ సులువనీ అనను.

డిష్‌పిచ్చి

అదే కదా నేననేది. నేర్చుకోవడానికీ పనికిరాక, బొమ్మకీ గ్యారంటీ లేక, ఇంకెందుకు? పైగా ఎన్2-3లో ప్రసార యాంటెనా పూర్తిగా విచ్చుకోలేదు, దాని సిగ్నల్ కొన్ని కోణాల్లో పడిపోతుంది. మిగిలిన రెండిట్లో ఒకటి కుంటిది.

రాగితీగ

కుంటిదైనా నడుస్తోంది. ఎన్2-4ని 2024 ఫిబ్రవరి 29న పంపారు. బొమ్మ కిలోమీటరు వివరంతో వస్తుంది, నోవా ఏపీటీ 4 కి.మీ. మాత్రమే. చచ్చిన బ్యాండులో పాతదానికంటే నాలుగింతలు నాణ్యమైన బొమ్మ వస్తుంటే దాన్ని చచ్చిందనడం ఎలా?

సున్నాడెసిబెల్

అందరూ ఆగండి. మేడమీద_తీగ గారు, మూడు ప్రశ్నలు. ఆ నల్లపట్టీ ఉపగ్రహం దిగంతం దగ్గరున్నప్పుడు పడుతోందా, నెత్తిమీద ఉన్నప్పుడా? యాంటెనా కింద ఏముంది? దాన్నుంచి ఎంత ఎత్తులో కట్టారు, టేపుతో కొలిచి చెప్పండి.

మేడమీద_తీగ

కొలిచాను. కింద ఇనప రేకుల కప్పు. ప్లాస్టిక్ గొట్టం చివర కట్టాను, రేకు నుంచి 110 సెం.మీ. ఉపగ్రహం 70 డిగ్రీలు దాటి పైకి వెళ్లే పాస్‌లోనే పట్టీ పడుతోంది, అదీ సరిగ్గా అత్యంత ఎత్తుకు చేరిన రెండు మూడు నిమిషాల్లో. పక్కనుంచి 35, 40 డిగ్రీల్లో పోయినప్పుడు బొమ్మ నిండుగానే ఉంటుంది. ఎన్2-3కీ ఎన్2-4కీ అంతే. నెత్తిమీద ఉన్నప్పుడే కదా దగ్గరగా ఉండేది, అప్పుడే ఎందుకు పోతుందో అర్థంకాక డాంగిల్ వేడెక్కుతోందేమో అని దాని పక్కన ఫ్యాన్ కూడా పెట్టాను. నవ్వకండి.

సున్నాడెసిబెల్

నవ్వను, నేనూ ఐస్ ముక్కలు పెట్టాను ఒకప్పుడు.

మీ యాంటెనా తప్పు లేదు, ఉపగ్రహం తప్పూ లేదు. 137.5 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 218 సెం.మీ. మీ ఎత్తు 110, అంటే దాదాపు సరిగ్గా సగం తరంగం. నెత్తిమీద నుంచి వచ్చే సిగ్నల్ నేరుగా ఒకసారి కడ్డీని తాకుతుంది. అదే రేకు మీద పడి తిరిగి పైకి వచ్చి మళ్లీ తాకుతుంది. వెళ్లి రావడానికి ఒక పూర్తి తరంగం దూరం, దానికి తోడు లోహం మీద పడినప్పుడు సిగ్నల్ తలకిందులవుతుంది. రెండూ ఎదురెదురై ఒకదాన్నొకటి మింగేస్తాయి. 35 డిగ్రీల్లో వచ్చేదానికి దారి తేడా తక్కువ కాబట్టి అక్కడ బాగుంటుంది. ఎన్2-3 సంగతి నిజమే, కానీ రెండు ఉపగ్రహాలకీ ఒకేచోట పోతోందంటే కారణం కిందే ఉంది.

ఎత్తు 55 సెం.మీ.కి దించండి, పావు తరంగం. నెత్తిమీద రెండూ కలిసొస్తాయి. పైకి లేపాలనుకుని 164 పెట్టారో, నెత్తిమీద బాగానే ఉంటుంది కానీ 42 డిగ్రీల చుట్టుపక్కల అటొక గుంట, ఇటొక గుంట పడతాయి. వీ ముక్కు మాత్రం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి, కడ్డీలు నేలకి సమాంతరంగా.

ఎల్‌ఎన్‌ఏ కొనే ఆలోచన ఉంటే ఒక మాట. దానికి ముందు ఫిల్టర్ లేకుండా పెడితే 88 నుంచి 108 మధ్యలో కూసే ఎఫ్ఎం స్టేషన్లన్నీ పెద్దవై డాంగిల్‌లోకి దూరతాయి. అది 8 బిట్లది, వాటి ధాటికే నిండిపోతుంది. ఇప్పుడు కూడా డాంగిల్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) చివరికంటా పెట్టి ఉంటే రెండు మెట్లు తగ్గించి చూడండి.

డిష్‌పిచ్చి

చూశారా, రెండు కడ్డీల బొమ్మకి ఇంత భౌతికశాస్త్రం! డిష్‌కి ఈ రేకుల గొడవ ఉండదు.

సున్నాడెసిబెల్

దాని గొడవలు దానికున్నాయి. 1.7లో మీటియోర్ పంపే ఇంకో సిగ్నల్ హెచ్ఆర్‌పీటీ పట్టాలని చాలామంది డిష్ ముందు కుడివైపు చుట్టిన హెలిక్స్ ఫీడ్ (స్ప్రింగులా చుట్టిన తీగ) పెట్టి నెలలు కొట్టుకుంటారు. డిష్ మీద పడి తిరిగొచ్చేటప్పుడు ధ్రువణం తారుమారవుతుంది, ఫీడ్ ఎడమవైపు చుట్టాలి. ఆ సంగతి తమకి తెలీదని కాదు.

డిష్‌పిచ్చి

తెలుసు. తెలిసింది రెండు నెలల తర్వాత. అది వేరే కథ, వదిలేయండి.

మేడమీద_తీగ

దించాను. నిన్న మధ్యాహ్నం ఎన్2-4, 78 డిగ్రీల పాస్. 55 సెం.మీ. ఎత్తు, గెయిన్ కాస్త తగ్గించి. బొమ్మ నడుము నిండిపోయింది! ఇన్నాళ్లూ నల్లగా ఉన్నచోట మబ్బుల వరస, దాని నీడ కూడా కనిపిస్తోంది. కానీ తలా కాళ్లూ కురచయ్యాయి. ఇదివరకు 9 డిగ్రీల దగ్గర లాక్ అయ్యేది, ఇప్పుడు 16 దాకా శాట్‌డంప్ (సిగ్నల్‌ని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్) నోరు మెదపట్లేదు. ఇదే ఎత్తులో ఇంకో మూడు పాస్‌లు చూశాను, అన్నిటికీ ఇదే వరస.

సున్నాడెసిబెల్

అనుకున్నదే. ఎత్తు తగ్గితే దిగంతం దగ్గర బలం ఐదారు డెసిబెల్స్ తగ్గుతుంది. అక్కడ ఉపగ్రహం దూరం కూడా రెండు మూడు వేల కి.మీ. ఉంటుంది, అసలే నీరసం. నడుము కావాలా, తలకాయ కావాలా అన్నది మీ ఇష్టం.

రాగితీగ

రెండూ కావాలంటే క్యూఎఫ్‌హెచ్. ఇందాక నేను 3 డెసిబెల్స్ అంటూ మొదలుపెట్టడం పొరపాటే, ఒప్పుకుంటాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు డైపోల్‌ని తిట్టాను. ఆయన పట్టీకి కారణం అది కాదు. కానీ అసలు లాభం ఇప్పుడు బయటపడింది. క్యూఎఫ్‌హెచ్ పైకి చూస్తుంది, కిందికి చాలా తక్కువ చూస్తుంది. రేకు నుంచి తిరిగొచ్చేదాన్ని పెద్దగా పట్టించుకోదు కాబట్టి ఎంత ఎత్తులో అన్న పేచీ సగం తగ్గుతుంది. దిగంతం వైపు కూడా చూపు ఉంటుంది.

పాత_రేడియో

ఉంటుంది, సరిగ్గా కడితే. పెద్ద లూపు కాస్త పెద్దగా, చిన్నది కాస్త చిన్నగా ఉండాలి, వాటి మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా ఆ కొలతల్లోంచే వస్తుంది. సెంటీమీటరు అటూ ఇటూ అయితే నాకు తెలిసిన ముగ్గురు కట్టినవి డైపోల్ కంటే ఘోరంగా పనిచేశాయి. వీ-డైపోల్‌లో చెడగొట్టడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. కడ్డీకి మూడు సెంటీమీటర్లు కోస్తే 145.8లో అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడూ పంపే బొమ్మలకీ పనికొస్తుంది. నేనైతే రెండో డైపోల్ 110 సెం.మీ. ఎత్తులో కట్టి రెండు డాంగిళ్లతో రికార్డు చేసి, నడుము ఒకదాన్లోంచి తలకాయ ఇంకోదాన్లోంచి అతికిస్తాను.

డిష్‌పిచ్చి

అతికించిన తలకాయ అంటే వినాయకుడు గుర్తొస్తున్నాడు. నా మాట మార్చుకోను. ఇదే శ్రమ డిష్ మీద పెట్టి ఉంటే ఈపాటికి భూగోళం తెర మీద ఉండేది.

మేడమీద_తీగ

డిష్ కూడా కడతాను సార్, వచ్చే ఏడు. ఇవాళ పీవీసీ గొట్టానికి ఎనిమిది రంధ్రాలు పెట్టేశాను, తీగ కోసి ఉంది. ఒక్కటే సందేహం, తీగ ఎటు తిప్పాలి? ఒక చోట కుడి అని ఉంది, ఇంకోచోట ఎడమ అని ఉంది.

రాగితీగ

పైనుంచి ఫీడ్ ఇచ్చే రకమే కదా? అయితే ఎడమే. పైనుంచి చూస్తూ తీగ కిందికి దిగేకొద్దీ గడియారం ముల్లుకి ఎదురు తిరగాలి, మామూలు స్క్రూ మరకి వ్యతిరేకంగా. పేరులో కుడి ఉందని కుడికి తిప్పి, ఒక వానాకాలమంతా నేను కోల్పోయాను. రంధ్రాలు పెట్టిన ఫొటో ఉంటే పెట్టండి, అంటించే ముందు చూస్తాను.