ఈ వారం సమస్య: గోడ జరుపగానె కోటి దొరికె

సంచాలకుడు:
సమస్య అంటే ముందే ఇచ్చిన ఒక పాదం. మిగతా పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే పూరణ. ఈసారి సమస్య ఎక్సెల్ షీట్ నుంచి వచ్చింది. మనలో సగం మందికి పొద్దున లేస్తే ఆ గళ్లతోనే పని. నిలువు గీతను పట్టుకుని గడిని వెడల్పు చేసే పనిమీదే పద్యం ఉండాలి. ఇచ్చినది ఆటవెలది నాలుగో పాదం:

గోడ జరుపగానె కోటి దొరికె

గోడ, జరుప, గానె, కోటి, దొరికె: అయిదూ సూర్యగణాలే, అంటే ఈ పాదానికి కావలసిన అక్షరాల గుంపులే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన యతి కూడా గో–కో అని సరిపోయింది. గోడ అంటే ఏమిటో, కోటి ఎక్కడిదో మీరే చెప్పాలి. అన్యదేశ్యాలకు, అంటే పరభాషల మాటలకు, అభ్యంతరం లేదు. మౌసును మూషికం అనాల్సిన పని లేదు.

విజయవాడ ఆడిట్ గుమాస్తా:

మొత్తమెంతొ చూడ ముళ్లకంచె నిలిచె
గీతపైన రెండు క్లిక్కులీయ
కంచె కరిగిపోయె గడివెడల్పు పెరుగ
గోడ జరుపగానె కోటి దొరికె

మార్చి నెలాఖరు రాత్రి అనుభవం ఇది. మొత్తం ఉండాల్సిన చోట వరుసగా హ్యాష్ గుర్తులు (####). ఫార్ములా పాడైందేమోనని టెన్షన్ పడ్డాను.

సంచాలకుడు:
గుమాస్తా గారూ, హ్యాష్ గుర్తులను ముళ్లకంచె అనడం నాకు చాలా నచ్చింది. చూడటానికి అవి అచ్చం అలాగే ఉంటాయి. కారణం కూడా చెప్పుకుందాం. కొత్త షీట్‌లో గడి వెడల్పు 8.43 ఉంటుంది. మామూలు ఫాంటులో సున్నాలు ఎనిమిది పట్టి కాస్త చోటు మిగిలే కొలత అది. కామాలూ పైసలూ పెట్టి కోటి రాస్తే 1,00,00,000.00. లెక్కపెట్టండి, 14 గుర్తులు. ఎలా పడుతుంది? మాటలైతే సగం కనిపించినా చదివేవాడు ఊహించుకుంటాడు. అంకె సగమే కనిపిస్తే కోటి కాస్తా లక్ష అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పట్టని అంకెను ఎక్సెల్ మొత్తంగా కప్పేస్తుంది.

దోషం ఒకటే. గీత, కంచె, గోడ అని మూడు మాటలు వాడారు. గీత, గోడ ఒకటే, కంచె వేరు. మొదటిసారి చదివేవారు కంచెనే గోడ అనుకుంటారు. పైగా మూడో పాదంలో గడి పెరిగిపోయాక నాలుగో పాదంలో మళ్లీ గోడ జరపడం చెప్పిందే చెప్పినట్టయింది.

హనుమకొండ కొరియర్ ఆఫీసు సభ్యుడు:

పక్కగడిని ఫోను పడగ వీధి మిగిలె
పేట పేరు గోడ వెనుక దాగె
కవరు పంపనెంచి కంగారుపడుచుండ
గోడ జరుపగానె కోటి దొరికె

హైదరాబాద్ చిరునామా అండీ. కోటి అంటే డబ్బు కాదు, పేట.

సంచాలకుడు:
ఆలోచన కొత్తది. పక్కగడి ఖాళీగా ఉంటే పొడుగు మాట దాని మీదికి పారుతుంది. అందులో ఫోన్ నంబరు పడగానే గీత దగ్గర తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ తేడాను ఒక్క పాదంలో పట్టారు. "పడగ" చదవగానే పాము గుర్తొస్తుంది, అది చిన్న విషయం.

పెద్ద చిక్కు మరొకటి. ఆ పేట పేరు కోఠి. బంగళా అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఇచ్చిన పాదంలో ఉన్నది ట, మీకు కావలసింది ఠ. అర్థం కోసం అక్షరం మార్చుకుంటే అది పూరణ కాదు.

హనుమకొండ సభ్యుడు:
మాట్లాడేటప్పుడు మేమంతా కోటి అనే అంటాం సార్. బస్సు కండక్టర్ కూడా అలాగే పిలుస్తాడు.

విజయవాడ ఆడిట్ గుమాస్తా:
నేను ఆయన పక్షమే. పలికే మాటకు పద్యంలో చోటుండాలి.

సంచాలకుడు:
పలుకుబడి అని ఒప్పుకుంటాను, కానీ మార్కులు తగ్గిస్తాను. మరో మాట: గోడ జరిపే బదులు టెక్స్ట్‌ను అదే గడిలో కింది లైనుకు మడిచే వీలూ ఉంది. చిరునామాలకు అదే మేలు, లేకపోతే ప్రింటు పేజీ దాటిపోతుంది. తెలుగులో మడిచినప్పుడు మాత్రం గడి ఎత్తు చూసుకోండి. చాలకపోతే వత్తులు తెగుతాయి.

కొత్త సభ్యుడు (పద్యం రాయడం ఇది రెండోసారి):

కోటి రాయ నేడు గుర్తేదొ వచ్చెను
చిన్న గదిని విలువ మారిపోయె
మౌసు పట్టి కుడికి మరికొంత లాగితి
గోడ జరుపగానె కోటి దొరికె

నాకు కంచె రాలేదు. ఒకటి, ఈ, ప్లస్, సున్నా, ఏడు (1E+07) అని వచ్చింది.

సంచాలకుడు:
మీరు చూసింది నిజమే. గడికి ప్రత్యేక ఫార్మాట్ ఏదీ పెట్టకుండా వెడల్పు బాగా కుదిస్తే కోటి అలా క్లుప్తంగా మారి కనిపిస్తుంది. ఒకటి పక్కన ఏడు సున్నాలు అని దాని అర్థం. గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, రెండోసారికే ఇది చిన్న విషయం కాదు. రెండో పాదం ఒక్కటి చూడండి. చి–మా యతి కుదరదు. అంతకంటే ముఖ్యం, విలువ మారలేదు. గడి ఎంత ఇరుకైనా లోపలి అంకె అలాగే ఉంటుంది, పైకి కనిపించే రూపమే మారుతుంది. ఇలా దిద్దండి:

చిన్న గదిని రూపు చెదిరిపోయె

చి–చె యతి కుదిరింది, మాటా నిజమైంది. ఇంకొకటి, మొదటి పాదంలోనే కోటి అనేశారు. ముందే చేతిలో ఉన్నది చివర దొరకడమేమిటి? అక్కడ "కోటి"కి బదులు వేరే మాట వెతకండి. ఎక్సెల్ గడినైతే మాటకు తగ్గట్టు 255 గుర్తుల వెడల్పు దాకా సాగదీయొచ్చు. ఆటవెలది పాదానికి ఆ వీలు లేదు, మాటనే కుదించుకోవాలి.

నరసరావుపేట టీచరమ్మ:

పిల్లవాని పేరు వెతుకగా లేదాయె
తండ్రి వచ్చి నిలిచె తలుపుకడను
సున్న కొలత గదిని చూచితినొక మూల
గోడ జరుపగానె కోటి దొరికె

మాది కోటప్పకొండ పక్క. ఇక్కడ కోటేశ్వరరావులు ఎక్కువ, ఇంట్లో అందరినీ కోటి అనే పిలుస్తారు.

విజయవాడ ఆడిట్ గుమాస్తా:
అమ్మా, రెండో పాదం దగ్గర ఆగిపోయాను. తండ్రి తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

సంచాలకుడు:
వెడల్పు సున్నా అయితే గడుల వరుస పూర్తిగా దాగిపోతుంది. దాన్ని "సున్న కొలత గది" అనడం ఈ వారం నేను చదివిన మంచి మాట. కోటిని మనిషిని చేశారు, అక్షరం ముట్టుకోలేదు. ఒక్క సందేహం. పిల్లల పేర్లు సాధారణంగా కిందికి రాస్తారు కదా? నిలువు గోడ దాగితే అందరి పేర్లూ పోవాలి, ఒక్కడిదే ఎలా పోయింది?

నరసరావుపేట టీచరమ్మ:
మా తరగతిలో 14 మందే ఉండేవారండీ. సబ్జెక్టులు కిందికి, పిల్లలు అడ్డంగా. ఎవరో ప్రింటు ఒక్క పేజీలో పట్టాలని గీతలు దగ్గరికి జరుపుతూ, ఒకదాన్ని పక్క గీతకు ఆనించేశారు. కోటి మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్ల నాన్నను లోపలికి పిలిచి కుర్చీ వేసి, స్క్రీన్ మీద చూపించాను. తెలుగులో 91.