మలావీ ఆసుపత్రి వర్క్‌షాప్‌కి వెళ్తున్నాను, కాస్త సలహా ఇవ్వండి

నమస్కారమండీ. మాది వైజాగ్, గాజువాక. 11 ఏళ్లుగా ఆసుపత్రి పరికరాల రిపేరు పనిలో ఉన్నాను. వచ్చే నెల ఆఫ్రికాలోని మలావీలో ఓ జిల్లా ఆసుపత్రి వర్క్‌షాప్‌ని గాడిలో పెట్టడానికి 3 నెలలు వాలంటీరుగా వెళ్తున్నాను. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గులు మాత్రం బ్రిటిష్ రకం.

మూలన పడేసిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్లు) ఫొటోలు పంపారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది. కొన్నింటికి ఫిల్టర్లు మారిస్తే చాలేమో. లోపల గాలిలోని నైట్రోజన్‌ని పట్టి ఉంచే జియోలైట్ గుళికలకి తేమ పట్టేస్తే మాత్రం మిషన్ తిరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ శాతం పడిపోతుంది. ఆ శాతం కొలిచే అనలైజరు లేనిదే అది తెలీదు, అందుకే ఒకటి పట్టుకెళ్తున్నాను.

అలాంటిచోట పనిచేసి వచ్చినవాళ్లు చెప్పండి: ముందు పరికరాల జాబితా రాయించాలా, రెండు మిషన్లు బాగుచేసి అక్కడి టెక్నీషియన్ల నమ్మకం సంపాదించాలా? నాకు రెండోదే సరైందనిపిస్తోంది. డాబాగార్డెన్స్‌లో స్పేర్లు కొని తీసుకెళ్తే, కస్టమ్స్‌లో ఆసుపత్రి లెటరు సరిపోతుందా?