ఉరుము వినిపిస్తే ఆట ఆపమని చెప్పవలసింది ఎవరు? (పర్లాకిమిడి)

గజపతి_తండ్రి:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది, బడి ఖోఖో జట్టులో ఆడుతుంది. ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచి జట్టు పిల్లలను సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ మైదానానికి రమ్మంటున్నారు. ఈ నెలల్లో మన వైపు వాతావరణం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ, మూడు దాటేసరికి మహేంద్రగిరి వైపు కమ్ముకునే మబ్బు, ఆపైన ఈదురుగాలి, ఉరుములు.

మొన్న అలాంటి ఒక సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి వెళ్లేసరికి, ఉరుములు స్పష్టంగా వినిపిస్తున్నా చినుకు పడలేదన్న కారణంతో ఆట సాగుతూనే ఉంది. వాన మొదలయ్యాక పిల్లలలో సగం మంది గట్టు మీది చింతచెట్టు కిందికి, మిగిలినవారు ఇనుప స్తంభాల మీద రేకులు కప్పిన పాకలోకి పరుగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. మాస్టారు శ్రద్ధ గల మనిషే, ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆట ఎప్పుడు ఆపాలి, ఆపాక పిల్లలు ఎక్కడికి వెళ్లాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది అన్న మూడు విషయాలూ ఎక్కడా రాసి లేవన్నదే నా బాధ.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మా ఫోన్లకు వచ్చే హెచ్చరిక ఒడియాలో, జిల్లా మొత్తానికి కలిపి వస్తుంది. సరిహద్దు అవతల పాతపట్నంలో ఉన్న మా బావమరిదికి ఆంధ్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి మండలం పేరుతో సహా తెలుగులో వస్తుంది. రెండింటిలో దేనిని పట్టించుకోవాలి? వచ్చే వారం బడి కమిటీ సమావేశం ఉంది. అక్కడ ఏమి అడగాలో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

బరంపురం_విశ్రాంత_పీఈటీ:

మీరు మూడు ప్రశ్నలు వేశారు గాని, వాటిలో అసలైనది చివరిదే. ఆట నేర్పే మనిషి చేతిలోనే ఆట ఆపే నిర్ణయాన్ని కూడా పెట్టకూడదు. ఇది మాస్టార్ల మీద అపనమ్మకం కాదు. గెలుస్తున్న జట్టు మాస్టారికి ఉరుము దూరంగానూ, ఓడిపోతున్న జట్టు మాస్టారికి చాలా దగ్గరగానూ వినిపించడం ఉద్యోగం చేసినన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను. కాబట్టి ప్రతి సాయంత్రానికీ ఆటతో సంబంధం లేని ఒక పెద్దమనిషి పేరు ముందే రాసి పెట్టాలి. ఆ వ్యక్తి మరొక ఉపాధ్యాయుడు కావచ్చు, ఒక తల్లి కావచ్చు. ఆ వ్యక్తి విజిల్ వేస్తే మాస్టారితో సహా అందరూ కదలాలి, చర్చ ఉండకూడదు.

విజిల్ ఎప్పుడు వేయాలన్నది దీనికంటే సులువు. ఉరుము చెవికి వినిపించిందంటే పిడుగు పడగల దూరంలో మనం ఉన్నామనే అర్థం. శబ్దం కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆ మెరుపు 10 కిలోమీటర్ల లోపలే పుట్టిందన్నమాట. తరువాతి పిడుగు అంతే దూరం ఇవతల పడడానికి ఏ అడ్డూ లేదు. లెక్కపెట్టడంలో పొరపాట్లు జరుగుతాయి కనుక, బడి పిల్లల విషయంలో లెక్క మానేసి, మొదటి ఉరుముకే ఆపడం మంచిదని నా అభిప్రాయం. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు గడిస్తేనే మళ్లీ మైదానంలో అడుగుపెట్టాలి. మధ్యలో మరొక ఉరుము వినిపిస్తే ఆ 30 నిమిషాలు మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. వానతో దీనికి పని లేదు. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో, చినుకైనా లేని నేల మీద కూడా పిడుగు పడుతుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది ఆట మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలి. నాలుగు గోడలూ పైకప్పూ ఉండి, కరెంటు తీగలూ నీటి గొట్టాలూ అమర్చిన పక్కా భవనమైతే పిడుగు తాకినా విద్యుత్తు చాలావరకు ఆ తీగల వెంట, గొట్టాల వెంట భూమిలోకి దిగిపోతుంది. అది దగ్గరలో లేకపోతే అద్దాలు మూసిన ఇనుప పైకప్పు బస్సు పనికివస్తుంది. మీరు చెప్పిన రేకుల పాక వాననుంచి తప్ప దేనినుంచీ కాపాడదు. చింతచెట్టు మరీ ప్రమాదం, ఎందుకంటే పిడుగు చెట్టును తాకి, మాను మీదుగా దిగుతూ పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. అక్కడితో ఆగదు, నేలలో నలుదిక్కులా పాకి, అక్కడ నిలబడ్డవారి ఒక కాలి నుంచి ఇంకొక కాలికి ప్రవహిస్తుంది. ఒక్క చెట్టు కింద ఒకేసారి అనేకమంది పడిపోవడానికి కారణం ఇదే. నేల మీద బోర్లా పడుకోమని చెప్పే పాత సలహాను కూడా ఇందుకే మానుకోవాలి.

కమిటీలో ఎవరైనా ఇది అతి జాగ్రత్త అంటే, ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించిందని గుర్తు చేయండి. 2023 సెప్టెంబరు 2న ఈ రాష్ట్రంలో రెండు గంటల వ్యవధిలో సుమారు 61,000 మెరుపులు నమోదయ్యాయి, ఆ రోజు 12 మంది చనిపోయారు.

రాయగడ_ఫుట్‌బాల్:

పెద్దలు చెప్పినదానిని కాదనడం లేదు గాని, ఆచరణలో ఒక ఇబ్బంది ఉంది. మా రాయగడలో చైత్ర, వైశాఖ మాసాలలో సాయంత్రం ఉరుము వినిపించని రోజులు తక్కువ. ప్రతి ఉరుముకూ అరగంట ఆగితే ఆ రోజు సాధన అయిపోయినట్లే. కొండల నడుమ ఉండేవారికి ఉరుము ప్రతిధ్వనించి, దూరాన ఉన్నది కూడా దగ్గరగా ఉన్నట్లు వినిపిస్తుంది. వీటన్నిటికంటే సాధనను ఉదయం ఆరింటికి మార్చడం మేలు కాదా?

బరంపురం_విశ్రాంత_పీఈటీ:

ఉదయానికి మార్చడం మంచిదే, ఈ కాలంలో మబ్బులు పేరుకునేది ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే. కొండల ప్రతిధ్వని విషయంలో మాత్రం నేను ఏకీభవించను. కొండ అడ్డంగా ఉంటే మెరుపు కనిపించదు, మబ్బు ఎంత దగ్గరికి వచ్చిందో తెలియదు. కాబట్టి కొండ ప్రాంతంవారు మైదాన ప్రాంతంవారికంటే ముందుగానే ఆపాలి. పోయిన సాధనకు బదులుగా గదిలో కూర్చోబెట్టి నియమాలూ వ్యూహాలూ నేర్పవచ్చు. మన పిల్లలకు వాటి అవసరం తక్కువేమీ కాదు.

జయపురం_నర్సు:

ఉదయానికి మార్చితే పిడుగు ముప్పు తగ్గుతుంది, ఎండ ముప్పు మాత్రం మిగులుతుంది. ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటి దాకా పరుగెత్తిస్తే అది చల్లని పూట సాధన అనిపించుకోదు. మీ కోస్తా వైపు గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కనుక చెమట పడుతుందే గాని ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలే కదా అని ఊరుకున్న రోజున కూడా కండరాలు పుట్టించే వేడితో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోవచ్చు.

ఆటలో వచ్చే వడదెబ్బను గుర్తించడానికి చెమట ఆగిందా అని చూడకండి, ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే అది వస్తుంది. మాట తడబడడం, అడుగులు తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం, కారణం లేకుండా కోపగించుకోవడం, ఇవీ చూడవలసినవి. అప్పుడు 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకూడదు. తొట్టెలో చల్లటి నీళ్లు నింపి మెడ దాకా కూర్చోబెట్టి, తల మునగకుండా ఒకరు పట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి. తొట్టె లేకపోతే టార్పాలిన్ నాలుగు కొసలూ ఎత్తి పట్టుకుని అందులో నీళ్లూ మంచూ పోయవచ్చు. అదీ కుదరకపోతే బకెట్లతో ఆపకుండా నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసెటమాల్ మాత్ర ఈ వేడిని తగ్గించదు.

కొత్తగా జట్టులో చేరినవారినీ, జ్వరం వచ్చి తగ్గినవారినీ మొదటి రోజే మిగతావారితో సమానంగా పరుగెత్తించకండి, ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఇంకొక మాట, ఇది ఏ మార్గదర్శకంలోనూ పెద్దగా కనిపించదు గాని చెప్పక తప్పదు. మైదానంలో మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు. మీ అమ్మాయి జట్టుకు కుండలో నీళ్లు పెట్టించి ఊరుకోకుండా, దగ్గరలో తలుపున్న మరుగుదొడ్డి ఉందో లేదో చూడండి.

పిడుగు గురించి కూడా నాలుగు మాటలు. పిడుగు తగిలినవారి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, భయం లేకుండా ముట్టుకోవచ్చు. చాలామంది చనిపోయేది గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల. అందుకే ఒకేసారి పలువురు పడిపోతే, మూలుగుతున్నవారి దగ్గరికి కాకుండా కదలిక లేనివారి దగ్గరికి ముందు వెళ్లి సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, 30 నొక్కులకు రెండుసార్లు ఊపిరి ఊదాలి. దీనిని చదివితే రాదు, సామాజిక ఆరోగ్య కేంద్రంవారిని అడిగి ఒక పూట నేర్పించుకోవాలి.

పలాస_పాఠకుడు:

హెచ్చరికల సంగతికి వస్తే, మబ్బుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కనుక రెండూ చూడండి. పాతపట్నం, మెళియాపుట్టి మండలాల పేరుతో వచ్చిన హెచ్చరిక పర్లాకిమిడికి వచ్చినట్లే లెక్క. వీటితోపాటు పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని యాప్ ఉంది, అది మీరున్న చోటుకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపుతుంది. ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థకు సతర్క్ అనే యాప్ ఉంది. వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచనను సాధనకు ముందు చూస్తే సరిపోతుంది. అయితే ఫోన్ మోగలేదు కనుక ఆడవచ్చు అనుకోవడం ప్రమాదకరం. గాలివానలో ముందుగా పోయేది సిగ్నలే.

జట్టు వేరే ఊరు వెళ్లే రోజుల గురించి కూడా కమిటీలో అడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటితే, కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయింది మీ గజపతి జిల్లాలో. నారింజ, ఎరుపు రంగు హెచ్చరికలున్న రోజున పోటీ రద్దు కాకపోయినా ఘాట్ దారిలో పిల్లల బస్సును పంపకూడదు.

గజపతి_తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఈ రోజు హెడ్మాస్టరు గారిని కలిశాను. ఆయన ఒప్పుకున్నారు. విజిల్ బాధ్యతకు ఇద్దరు తల్లులు ముందుకు వచ్చారు. తీరా చూస్తే, మైదానానికి దగ్గరలో ఉన్న పక్కా భవనం మా బడి ఒక్కటే, ఒంటిపూట అయిపోగానే దానికి తాళం వేసి వాచ్‌మన్ ఇంటికి వెళ్లిపోతాడు. బయట పొడవైన వరండా ఉంది. అది సరిపోతుందా?

బరంపురం_విశ్రాంత_పీఈటీ:

సరిపోదు. ఒక పక్క తెరిచి ఉన్న వరండా పాకతో సమానం. పిల్లలు గది లోపల, కిటికీ ఊచలకూ కుళాయిలకూ దూరంగా కూర్చోవాలి. రెండో తాళంచెవి చేయించి, ఆ సాయంత్రం విజిల్ ఎవరి దగ్గర ఉంటుందో వారికే ఇవ్వమని తీర్మానంలో రాయించండి. సాధన మొదలయ్యేలోపు ఒక గది తాళం తీసి ఉంచాలి. తాళంచెవి రాని రోజున ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా పిల్లలను ఇంటికి పంపేయాలని కూడా రాయించండి. మైదానం నుంచి ఆ గదికి జట్టులోని అందరికంటే చిన్న పిల్ల ఎంతసేపట్లో చేరుతుందో ఒకసారి పరుగెత్తించి చూడండి. ఐదు నిమిషాలు దాటేటట్లయితే ఉరుము దాకా ఆగకుండా, మబ్బు కమ్మడం కనిపించగానే విజిల్ వేయమని ఆ తల్లులకు చెప్పండి.