అమ్మ ఇంట్లో సిగ్నల్ పోయింది, కంపెనీ మాత్రం "పరిష్కరించాం" అని మెసేజి పంపింది. ఏం చేయాలి?

ప్రశ్న (తెనాలి ఇల్లు, హైదరాబాదులో ఉద్యోగం):

నమస్కారమండీ. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. పన్నెండేళ్లుగా అదే నంబరు, అదే కంపెనీ, ఏనాడూ ఇబ్బంది లేదు. మూడు వారాల కిందట ఉన్నట్టుండి "టవర్ అందట్లేదురా" అంది. హాల్లో ఒక గీత ఉంటే ఉన్నట్టు, వంటింట్లో అదీ లేదు. మేడ మీదికి వెళ్తే మాట బాగానే వినబడుతుంది. మోకాళ్ల నొప్పులతో రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కుతోంది. మొన్న గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి ఓటీపీ అడిగాడు. ఈవిడ ఫోను పట్టుకుని పైకెళ్లి దిగొచ్చేసరికి అతను పక్క వీధికి వెళ్లిపోయాడు.

కస్టమర్ కేరుకు మూడుసార్లు చేశాను. ఒకరు ఫోన్ ఆపి మళ్లీ పెట్టమన్నారు, ఇంకొకరు 48 గంటలు ఆగమన్నారు. ఆ తర్వాత "మీ ఫిర్యాదు పరిష్కరించాం" అని మెసేజి వచ్చింది. సిగ్నల్ మాత్రం రాలేదు. వేరే కంపెనీకి పోర్ట్ పెట్టేయమంటారా? ఆన్‌లైన్లో సిగ్నల్ పెంచే బూస్టర్లు కనబడుతున్నాయి, ఒకటి కొని పెడితే సరిపోతుందా?

జవాబు (కొన్నాళ్లు టవర్ల నిర్వహణలో పనిచేశాను):

బూస్టర్ జోలికి పోకండి బాబూ. అనుమతి లేకుండా అలాంటి రిపీటర్ పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కదా అని సక్రమం అయిపోదు. పైగా అది వీధిలో అందరి సిగ్నల్‌నూ పాడు చేస్తుంది. టవర్ వినాల్సిన ఫోన్ల గొంతుల మధ్య మీ పెట్టె గోల పెడుతుందన్నమాట. నేను పనిచేసే రోజుల్లో వీధంతా కాల్స్ తెగిపోతున్నాయని వెళ్లి వెతికితే చాలాసార్లు ఎవరి డాబా మీదో ఇలాంటి పెట్టే దొరికేది.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి. ఫోన్‌లోనా, ఇంట్లోనా, టవర్ దగ్గరా? అమ్మగారి సిమ్ వేరే ఫోన్‌లో వేసి చూడండి. అదే కంపెనీ వాడే పక్కింటివాళ్లను అడగండి. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ తెచ్చి వంటింట్లోనే నిలబడి చూడండి.

గీతల్ని నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కో రకంగా గీస్తుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి" దగ్గర సిమ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె చూడండి. ఫోర్‌జీలో మైనస్ 85 ఉంటే బాగున్నట్టు, మైనస్ 115 దాటితే కాల్ నిలబడటం కష్టం. ఈ రెంటికీ 30 తేడా అంటే కొంచెమే అనిపిస్తుంది గానీ, పది తగ్గితే పదో వంతు, ముప్ఫై తగ్గితే వెయ్యో వంతు.

ఇంకొకటి. ఫోన్ ఫైవ్‌జీ మీద ఉంటే ఫోర్‌జీకి మార్చి చూడండి. ఫైవ్‌జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటడంలో బలహీనం. 800, 900 లాంటి తక్కువ బ్యాండ్లు ఇంట్లోకి బాగా వస్తాయి.

అడిగినవారు:

శనివారం ఊరెళ్లి మీరు చెప్పినవన్నీ చూశానండీ. మేడ మీద మైనస్ 88, వంటింట్లో మైనస్ 117. ఫోర్‌జీకి మార్చినా అంతే. పక్కింటి పిన్నిగారిదీ అదే కంపెనీ, ఆవిడదీ ఇదే గోల. పాలబ్బాయి ఫోన్ వేరే కంపెనీది, వంటింట్లో హాయిగా మోగింది. అసలు సంగతి ఆ అబ్బాయే చెప్పాడు. రెండు వీధుల అవతల డాబా మీద టవర్ ఉండేది కదా, ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారట. టవర్ తీసుకుపోయారు. కస్టమర్ కేర్‌లో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు!

జవాబు (టవర్ల ఆయనే):

వాళ్ల తెర మీద అది కనబడదు. టవర్ పాడైతే అలారం వస్తుంది. లీజు అయిపోయి తీసేసిన టవర్‌కు అలారం ఎక్కడుంటుంది? వాళ్ల లెక్కలో నెట్‌వర్క్ అంతా బాగానే ఉన్నట్టు, అందుకే "పరిష్కరించాం" అని మూసేస్తారు. కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ప్రాంతంలో ఏ కంపెనీ టవర్ ఎక్కడుందో చూడొచ్చు. దగ్గరలో ఉన్నది ఎంత దూరమో ఫిర్యాదులో రాయండి.

జవాబు (వరంగల్ నుంచి):

అన్నా, ఇంట్ల వైఫై ఉందా? ఉంటే ఈ తిప్పలన్నీ ఎందుకు, వైఫై కాలింగ్ ఆన్ చెయ్. సిమ్ సెట్టింగ్స్‌లనే ఉంటది. నెట్ ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, అదే నంబరు, వేరే యాప్ అక్కర్లేదు. మా ఇంట్ల ఓటీపీలు కూడా అట్లనే వస్తున్నయ్. పనిచేస్తుందో లేదో చూడాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, ఎవరికైనా ఫోన్ కొట్టు. పోయిందంటే సెట్ అయినట్టే. మరీ పాత ఫోన్లల్ల ఈ ఆప్షన్ ఉండదు, అది ముందు చూస్కో.

జవాబు (వినియోగదారుల ఫిర్యాదులు రాసిపెడుతుంటాను):

వైఫై కాలింగ్ పెట్టుకోండి, కానీ ఫిర్యాదు వదలకండి. డబ్బు కట్టేది నెట్‌వర్క్‌కు.

మీరు చేసిన మూడు కాల్స్‌లో డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే నంబరు, ఎన్నిసార్లు తీసుకున్నారు? ఆ నంబరు లేని ఫిర్యాదు గాలిలో కలిసినట్టే. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి (అవును, అమ్మగారు మేడ ఎక్కే చేయాలి, ఇంకోదారి లేదు) "సిగ్నల్ లేదు" అని ఊరుకోకుండా ఇలా చెప్పించండి: "ఫలానా తేదీ నుంచి మా ఇంటి లోపల మైనస్ 117, మేడ మీద మైనస్ 88. రెండు ఫోన్లలో చూశాం. పక్కింట్లోనూ ఇదే పరిస్థితి. ఫలానా వీధిలో ఉన్న మీ టవర్ తీసేశారు. బదులు ఏర్పాటు ఎప్పుడో రాతపూర్వకంగా చెప్పండి." పక్కింటి పిన్నిగారి చేత కూడా విడిగా ఫిర్యాదు పెట్టించండి. ఒక ఇంటి నుంచి వస్తే ఫోన్ లోపం అంటారు, నాలుగు ఇళ్ల నుంచి వస్తే ఇంజినీరు కదులుతాడు.

"పరిష్కరించాం" అని మళ్లీ మెసేజి వస్తే మళ్లీ కస్టమర్ కేర్‌తో వాదించొద్దు, అప్పీలుకు వెళ్లండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పీలు అధికారి ఉండాలి. రుసుము లేదు. 30 రోజుల్లోపు వేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఈమెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్లో సర్కిల్ (టెలికాం ప్రాంతం) వారీగా ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే, తెలంగాణ పేరు కోసం వెతక్కండి.

చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు. అప్పీలులోనూ పని కాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ పీజీ పోర్టల్‌లో టెలికాం శాఖకు పెట్టండి, లేదా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. టెలికాం గొడవలు అక్కడికి రావని కంపెనీలు వాదించేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది.

జవాబు (విజయవాడ నుంచి):

ఇన్ని ఉత్తరాలు రాసేలోపు ఆవిడ మోకాళ్లు అరిగిపోతాయండీ! పాలబ్బాయి ఫోన్ మోగింది కదా, ఆ కంపెనీకి పోర్ట్ పెట్టేయండి. పోర్ట్ అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, నంబరు కొట్టి 1900కి పంపితే కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మనవైపు అది నాలుగు రోజులే చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ ఈమధ్యే మార్పించి ఉంటే ఏడు రోజులు ఆగాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మిగిలిన రీచార్జి పోతుంది. నేను ఏడాది ప్లాన్ వేసిన నెలకే మారి నష్టపోయాను.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలండీ. ప్లాన్ ఇంకా నెలన్నర ఉంది. అందుకే ముందు వైఫై కాలింగ్ పెట్టాను, టీవీ కోసం తీసుకున్న నెట్ ఇంట్లో ఎలాగూ ఉంది. వంటింట్లో ఫోన్ మోగితే అమ్మ పోపు మాడబెట్టుకుని మరీ మాట్లాడింది. కొత్త ఫిర్యాదుకు డాకెట్ నంబరు తీసుకున్నాం, పిన్నిగారూ పెట్టారు. నాలుగో రోజున మళ్లీ "పరిష్కరించాం" అన్నారు, అదే రాత్రి అప్పీలు పంపాను. వారం తర్వాత ఒకతను ఇంటికొచ్చి అంకెలు రాసుకుని, కొత్త స్థలం చూస్తున్నాం, తేదీ చెప్పలేం అన్నాడు. ఆ మాటే రాసి ఇవ్వమంటే నవ్వాడట. ప్లాన్ అయ్యేలోపు ఏమీ తేలకపోతే పోర్ట్ పెట్టేస్తాను.

నిన్న కరెంటు పోతే వైఫై కూడా పోయింది, అమ్మ మళ్లీ మేడెక్కింది.

జవాబు (వరంగల్ నుంచి):

రూటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌కు మార్పియ్ అన్నా. ఫ్యాను కన్నా తక్కువే తింటది.