పెరట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసుకి ఇనప టార్గెట్లు పెట్టొచ్చా? ప్లేట్ ఎంత మందం ఉండాలి?

చీపురుపల్లి_చిన్నోడు:

అందరికీ నమస్తే అండి. మాది చీపురుపల్లి దగ్గర ఊరు. ఇంటి వెనకాల పెరడూ పాత కల్లమూ కలిపి పొడుగు ఒక పాతిక మీటర్లు వస్తాది, వెడల్పు ఆరేడు. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో క్లాసు, స్కూల్ తరఫున ఎయిర్ రైఫిల్ ఓపెన్ సైట్ (అద్దం లేకుండా గాడిలోంచి చూసి గురి పెట్టేది) ఆడుతున్నాడు, ప్రాక్టీసుకి అస్తమానం వైజాగ్ తీసుకెళ్లడం మావల్ల అవ్వట్లేదు, అందుకే ఇంటి దగ్గరే చిన్న రేంజ్ లాంటిది పెడదామని. రైఫిల్ .177 (అంటే 4.5 ఎంఎం, చిన్న సీసం పెల్లెట్ గుండు వేసేది) స్ప్రింగ్‌ది, లైసెన్స్ అక్కర్లేని రకమే, షాపులో ఆధార్ జిరాక్స్ ఇచ్చి కొన్నాం.

ఇప్పుడు గొడవేటంటే యూట్యూబ్‌లో అమెరికావోళ్లు ఇనప ప్లేట్లు వేలాడదీసి కొడతా ఉంటే టంగ్ టంగ్ మని మోగుతున్నాయి కదా, అది చూసిన కాడ్నించి గుంటడు పేపర్ టార్గెట్ ముట్టుకోవట్లేదు. నా దగ్గర పాత ట్రాక్టర్ డిస్కులు ఉన్నాయి, వాటిని చైన్ కట్టి వేలాడదీస్తే సరిపోతాదా, లేక ప్లేట్ కోయించాలా, కోయిస్తే ఎంత మందం? టార్గెట్ల వెనకాల మా చిన్నాన్నగారి మామిడితోట, మధ్యలో ముళ్లకంచె తప్ప గోడ లేదు. మా వదినేమో పిల్లోడి కళ్లు పోతాయని ఒకటే గోల. తెలిసినోళ్లు చెప్పండి.

బొబ్బిలి_వెల్డింగ్:

డిస్కులు మాత్రం వద్దు తమ్ముడూ, వాటిని పక్కన పెట్టేయ్. డిస్కు లోపలికి గుంటగా ఉంటాది కదా, గుంట వైపు నీకు పెడితే తగిలిన పెల్లెట్ తునకలు తిరిగి నీ మొహం మీదకే వస్తాయి, బోర్లించి పెడితే ఎటు పోతాయో చెప్పలేం. లారీ కమాన్ పట్టీలు కూడా ఎవరో ఒకరు చెప్తారు నీకు, అవీ అంతే, వంపు ఉంటాది. ముఖం చదునుగా ఉండాలి, బోల్ట్ తల ముందుకి పొడుచుకుని ఉండకూడదు, వెల్డింగ్ బొడిపెలు ఉంటే గ్రైండర్ కొట్టేయాలి.

సీసం పెల్లెట్ మెత్తగా ఉంటాది. చదును ఇనుము మీద పడితే రూపాయి బిళ్లలా పరుచుకుపోతాది, ఆ అంచుల్లోంచి ఊడిన తునకలు ఎక్కువగా ప్లేట్ ముఖం వెంబడే నాలుగు పక్కలకీ పోతాయి, సూటిగా ఎనక్కి వచ్చేవి తక్కువ. అందుకని ప్లేట్ పైభాగం నీ వైపు కొంచెం వాలేలా కట్టుకుంటే, 15-20 డిగ్రీలు చాలు, తునకలు నేల మీదకి దిగిపోతాయి. దానికి పెద్ద ఫ్రేమ్ ఏమీ అక్కర్లేదు, ప్లేట్‌కి పైన రెండు కన్నాలు వేసి బోల్ట్ ముందు నుంచి దూర్చి వెనక పొడుగు ఒదిలి ఆ వెనక కొసకి చైన్ తగిలించావనుకో, ప్లేట్ దానంతటదే ముందుకి వాలి నిలబడతాది. బోల్ట్ గుండ్రం తల ఉన్నది వాడు, షట్టర్లకి వేస్తారు చూడు అలాంటిది.

మందం అంటావా, ఎయిర్ గన్‌కి మామూలు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) ప్లేట్ 5 ఎంఎం బ్రహ్మాండం. 3 ఎంఎం కూడా ఆగుతాది, మోత ఇంకా బాగుంటాది కానీ తేలిక కదా, ఊగుడు ఎక్కువ, మళ్లీ ఆగేదాకా కూర్చోవాలి. పాత ఇనప కొట్లో ముక్కలు కేజీల లెక్కన ఇస్తారు, గుంతలు పడినవీ తుప్పు పొక్కులు లేచినవీ తీసుకోకు.

టెక్కలి_క్వారీ:

ఎమ్మెస్ ఏటి బాబూ, పెడితే హార్డాక్స్ పెట్టాల, తొందరగా అరగని గట్టి స్టీలు అది. మా క్వారీల్లో టిప్పర్ తొట్టెలకీ బకెట్లకీ వేస్తాం, అరిగిపోయి తీసేసిన ముక్కలు బోల్డు పడుంటాయి. అమెరికావోళ్లు ఏఆర్ 500 అంటారే, ఇంచుమించు అదే గట్టిదనం, బ్రినెల్ లెక్కలో 500 దగ్గర. ఎమ్మెస్ 120-150 ఉంటాది అంతే. మెత్తటి ఇనుం మీద తూటా పడితే గుంత పడతాది, ఇంకో తూటా ఆ గుంతలో పడిందంటే వంపు తిరిగి కొట్టినోడి మీదకే వస్తాది. కళ్లు పోయేది అక్కడ.

బొబ్బిలి_వెల్డింగ్:

అన్నా నువ్వు చెప్పింది నిజమే కానీ అది మందుగుండు తుపాకులకి. వాళ్లు పిస్టల్‌తో కనీసం 10 గజాలు, పెద్ద రైఫిల్ అయితే 100 గజాలు దూరం ఉండి కొడతారు. ఇక్కడ అర గ్రాము సీసం, దెబ్బ శక్తి ఆటకి వాడే రైఫిల్ అయితే ఏడెనిమిది జౌళ్లు, స్ప్రింగ్‌ది గట్టిగా ఉంటే పదిహేను పదహారు, దానికి 5 ఎంఎం ఎమ్మెస్ మీద గీత కూడా పడదు. పైగా హార్డాక్స్ తెచ్చి మనోళ్లు గ్యాస్ కటింగ్‌తో కోసి పడేస్తారు, ఆ వేడికి కోసిన అంచు పొడుగునా గట్టిదనం పోతాది, మామూలు డ్రిల్ బిట్‌తో కన్నం వేద్దామంటే బిట్ కాలిపోతాది. వాటర్ జెట్ మీద కోయించాలి, అంత ఖర్చు పిల్లోడి పెల్లెట్లకి ఎందుకు.

టెక్కలి_క్వారీ:

సరే ఒప్పుకున్నా. కానీ ముక్క ఊరికే వస్తే ఒదులుకోకు మరి 😀

మాజీ_హవల్దార్_నరసన్నపేట:

అందరూ మందం మందం అంటున్నారు, తగలకుండా పోయిన పెల్లెట్ సంగతి ఒక్కరైనా అడిగారా. ఇనప ప్లేట్ అంటే అరచేతంత ఒక బిళ్ల. దాని చుట్టూ ఖాళీ. గుంటడు కొత్త, ఓపెన్ సైట్, పదిలో నాలుగు బయటికే పోతాయి అనుకో, ఆ నాలుగూ ఎక్కడికి? మామిడితోటలోకి. ముళ్లకంచె పెల్లెట్‌ని ఆపదు. కొంచెం ఎత్తుగా పోయిందంటే రెండు మూడు వందల మీటర్లు పోగలదు, అంత దూరంలో మనిషిని చంపకపోవచ్చు, దగ్గర్లో అయితే కంట్లో పడితే కన్ను పోయినట్టే. కాయలు కోసే కాలంలో తోటలో ఆడవాళ్లు పిల్లలు ఉంటారు కదా బాబూ.

కాబట్టి ముందు గట్టు, తర్వాతే టార్గెట్. మట్టి దండిగా ఉంటే ఆరు అడుగుల పైన ఎత్తు గట్టు పోయించు, వెడల్పు టార్గెట్‌కి రెండు పక్కలా మనిషి బారు ఎక్కువ రావాల. కుదరదంటే గోనె సంచుల్లో ఇసుక నింపి ఇటుక పేర్చినట్టు అతుకు మీద అతుకు రాకుండా పేర్చు. ఇసుక జల్లెడ పట్టి నింపు, గులకరాయి మీద పడిన పెల్లెట్ ఎటైనా తిరిగిపోతాది. వట్టి సిమెంట్ గోడ వెనక పెట్టి సరిపోయింది అనుకోకు, గోడ పెచ్చులూడతాది, పెల్లెట్ చిట్లి ఎనక్కి వస్తాది. గోడే ఉంటే దాని ముందు అడుగు దూరంలో పాత జంపఖానా నాలుగు మడతలు వేసి వదులుగా వేలాడదీయు, బిగించి కట్టకు, వదులుగా ఉంటేనే దెబ్బ తీసుకుంటాది.

ఇంకోటి. దిక్కు మార్చుకునే వీలుందేమో చూడు. తోట వైపు కాకుండా, జనం తిరగని వైపు ఏదైనా మెరక ఉంటే అటు పెట్టు. పెరట్లోకి వచ్చే తలుపు ఎప్పుడూ కొట్టేవాడి వెనకాలే ఉండాల, టార్గెట్ పక్కన తలుపు ఉంటే గెడ వేసి తాళం. మా దగ్గర అయితే ముందుకి ఎల్లి టార్గెట్ చూసేటప్పుడు రైఫిల్ ఖాళీ చేసి బారెల్ మడత తెరిచి కింద పెట్టి, అందరూ ఒకేసారి నడవాలనేది పద్ధతి, ఇంట్లో అయినా అదే అలవాటు చెయ్యి.

చట్టం మాట కూడా ఒకటి. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం బోరు .177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్నదానికే లైసెన్స్ అక్కర్లేదు. స్ప్రింగ్ మార్పించి బలం పెంచుదాం, 5.5 ఎంఎం తెద్దాం అంటే లైసెన్స్ లోకి వచ్చేస్తాది. ఇక మీ ఇంట్లో ఎవరికైనా లైసెన్స్ తుపాకీ ఉంటే అది ఈ పెరట్లో పేల్చే ఆలోచనే పెట్టుకోవద్దు, అలాంటి రేంజ్‌కి వేరే లైసెన్స్ ఉంటాది, పెళ్లిలో సరదాకి పేల్చి జనాన్ని ప్రమాదంలో పెట్టినా 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు.

పలాస_జీడితోట:

పనిలో పని అడుగుతున్నా, ఇలాగే ఒకటి కొని కోతుల్ని బెదిరించొచ్చా అండి, జీడి పిక్కలన్నీ పాడు చేస్తున్నాయి. ఇనప గుళ్లు వచ్చే బీబీ గన్ అయితే చవగ్గా ఉంది.

మాజీ_హవల్దార్_నరసన్నపేట:

కొట్టొద్దు. దెబ్బ తగిలిన కోతి చావదు, పుండు పట్టి తిరుగుతాది, కేసు అయితే నీ మీదే. పిట్టలూ అంతే, మన జిల్లాలోనే తేలినీలాపురంలో పెలికాన్లు ఇళ్ల పక్క చింతచెట్ల మీద గూళ్లు పెడితే ఊరోళ్లు కాపలా కాస్తారు, అలాంటి చోట పుట్టి పిట్టని గురి చూడ్డం ఏటి.

బీబీ గన్ విషయం చిన్నోడు కూడా వినాల. ఇనప గుండు ఇనప ప్లేట్ మీద కొట్టకూడదు, ఎప్పుడూ. సీసం పరుచుకుంటాది, ఇనప గుండు పరుచుకోదు, వచ్చిన స్పీడులో చాలా మట్టుకు అలాగే ఎగిరొస్తాది. సీసం పెల్లెట్ తప్ప ఇంకేదీ ఆ ప్లేట్ల దరికి రానివ్వకు, గట్టి లోహంతో చేసిన తేలిక పెల్లెట్లు అమ్ముతారు అవి కూడా.

సాలూరు_పీఈటీ_మేడం:

బాబూ, నేను స్కూల్ పిల్లల్ని పోటీలకి తీసుకెళ్తుంటాను కాబట్టి ఆట వైపు నుంచి చెప్తాను. ఇనప టార్గెట్ సరదాకి మంచిదే, పిల్లాడికి విసుగు రాకుండా చివర్లో ఒక పది షాట్లు కొట్టనివ్వు. ప్రాక్టీస్ అంతా దాని మీదే అంటే మాత్రం వాడి స్కోర్ పడిపోతుంది. ఎందుకంటే 10 మీటర్ల రైఫిల్ కార్డ్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటర్ ఉంటుంది, మొత్తం నల్ల గుండ్రం 30.5 మిల్లీమీటర్లు. నువ్వు వేలాడదీసే ప్లేట్ ఆ నల్ల గుండ్రం కంటే పెద్దది. అంచుకి తగిలినా టంగ్ మంటుంది, నడిమధ్య తగిలినా టంగే. పిల్లాడు తల పైకెత్తి నవ్వుతాడు, ఎడమకి పోయిందా కిందకి పోయిందా తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించదు. పేపర్ మీద అయితే అయిదు షాట్లు కొట్టి దగ్గరికెళ్లి చూస్తే ఒకే చోట గుంపుగా పడ్డాయా చెదిరాయా కనిపిస్తుంది, గుంపు మొత్తం ఎడమకి ఉంటే సైట్ తిప్పాలి, చెదిరితే ఊపిరీ ట్రిగ్గరూ చూసుకోవాలి. కావాలంటే ప్లేట్ ముఖానికి తెల్ల స్ప్రే కొట్టించు, ప్రతి దెబ్బకీ బూడిదరంగు మచ్చ పడుతుంది, ఎక్కడ తగిలిందో కొంచెమైనా తెలుస్తుంది.

దూరం కొట్టే గీత దగ్గర్నుంచి టార్గెట్ దాకా సరిగ్గా 10 మీటర్లు టేపుతో కొలవండి, అడుగులతో కాదు. టార్గెట్ మధ్య భాగం కొట్టేవాడు నిలబడే నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. కల్లం వాలుగా ఉంటే ఈ లెక్క తప్పిపోతుంది చూసుకో.

మీ వదినగారి భయం సగం నిజమే. పాలికార్బొనేట్ కళ్లద్దాలు కొట్టేవాడికే కాదు, పక్కన నిలబడి చూసే ప్రతి ఒక్కరికీ ఉండాలి, అవి లేకపోతే చూడ్డానికి కూడా రానివ్వొద్దు. మామూలు చత్వారం కళ్లద్దాలు పనికిరావు, పగిలితే అవే గుచ్చుకుంటాయి.

అందరూ కళ్ల గురించే అన్నారు, సీసం గురించి ఎవరూ అనలేదు. పెరట్లో కోళ్లున్నాయా? కోళ్లు చిన్న రాళ్లు ఏరుకుని తింటాయి కదా, పరుచుకుపోయిన పెల్లెట్ తునకలు కూడా అలాగే మింగేస్తాయి, ఆ సీసం వాటి ఒంట్లోకీ అక్కడ్నించి గుడ్డులోకీ వస్తుంది. ప్లేట్ల కింద పాత రేకు ట్రే గానీ టార్పాలిన్ గానీ పరిచి, అయిపోగానే తునకలన్నీ ఎత్తి మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. పొడి చీపురుతో ఊడవొద్దు, దుమ్ము లేస్తుంది, తడిపి తీయాలి. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు పిల్లలకి ఉంటుంది, రెండు చేతులూ రైఫిల్‌తో ఉన్నప్పుడు పెదాల మధ్య పెట్టుకుంటారు, అది చూసిన వెంటనే మాన్పించు. సబ్బుతో చేతులు కడిగాకే అన్నం.

ఇంటి దగ్గర రేంజ్ అంటే కొంతమంది నవ్వుతారు, పట్టించుకోకు. 2008లో బీజింగ్‌లో ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారం కొట్టిన అభినవ్ బింద్రాకి వాళ్ల నాన్నగారు ఇంటి దగ్గరే రేంజ్ కట్టించారు.

చీపురుపల్లి_చిన్నోడు:

చాలా థాంక్సండి అందరికీ, మేడం గారికీ హవల్దార్ గారికీ మరీను. కోళ్లు ఉన్నాయండి, పది పన్నెండు, రోజంతా ఆ కల్లంలోనే గీకుతుంటాయి, ఈ మాట మాకు తట్టనే లేదు. మా చిన్నాన్నతో మాట్లాడేను, తోట వైపు వద్దనుకున్నాం. పడమట పక్క పాత ఇటికల బట్టీ మట్టి దిబ్బ ఉంది, దాని వెనక మా పొలమే, అటు తిప్పితే 14 మీటర్లు దొరుకుతాది, దిబ్బ మీద ఇసుక సంచులు కూడా పేరుస్తాం. ప్లేట్లు 5 ఎంఎం ఎమ్మెస్ మూడు కోయిద్దాం అనుకుంటున్నా. బొబ్బిలి అన్నా, గుండ్రంగా కోయించాలా నలుచదరమా? ఇంకా ఎదురెండ పడతాదేమో సాయంత్రం?

బొబ్బిలి_వెల్డింగ్:

నలుచదరం చవక, గుండ్రం అందం, పెల్లెట్‌కి రెండూ ఒకటే. గుండ్రం అంటే 100 ఎంఎం ఒకటి, 75 ఒకటి, 50 ఒకటి చేయించు, పెద్దది కొట్టేక చిన్నదానికి పోతాడు. అంచులు గ్రైండర్ పట్టించి నున్నగా చేయించు, కోసిన పదును అలా ఒదిలేస్తే పెల్లెట్ అంచుకి తగిలి రెండుగా చీలిపోతాది, చెయ్యి కూడా తెగుతాది. పడమటి పక్క అంటే సాయంత్రం ఎండ సూటిగా కళ్లలోకే, కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి, ఏడు నుంచి తొమ్మిది. వానల్లో చైన్లు విప్పి లోపల పెట్టు, తుప్పు పట్టిన లింకు ఏదో ఒకరోజు తెగి ప్లేట్ వంకరగా వేలాడతాది, అప్పుడు దాని మీద కొట్టకూడదు.