ట్యూబు మీద కూర్చొని చెరువు నడుమ గాలం వేయడం తగునా, కట్ట మీదే ఉండాలా?

కట్ట దిగినవాడు (అనంతపురం):

గత ఆదివారం కట్ట మీద మొదలై అరుపుల దాకా వెళ్లిన వాదాన్ని ఇక్కడ నెమ్మదిగా కొనసాగిద్దామని ఈ ప్రశ్న పెడుతున్నాను. గాలి నింపిన తెప్పలో కూర్చొని, కాళ్లకు ఈత రెక్కలు తొడుక్కొని, చెరువు నడుమకు వెళ్లి గాలం వేయడం మనవంటి సరదా గాలపువాళ్లకు తగిన పనేనా? తెలియనివారి కోసం ఒక మాట చెబుతాను. దీనిని ఫ్లోట్ ట్యూబు అంటారు. మొదట్లో చక్రపు ట్యూబుకు గుడ్డ సీటు కట్టుకొని చేసుకున్నదే ఇది. ఇప్పుడు గుర్రపు లాడం ఆకారంలో, ముందువైపు తెరచి ఉండి, విడివిడి గాలి అరలతో దొరుకుతోంది. కూర్చున్నవాడి కాళ్లు నీటిలో వేలాడుతూ ఉంటాయి, చేతులు రెండూ గాలపు కర్రకే మిగులుతాయి, రెక్కలు ఆడిస్తే మనిషి వీపు ముందుగా వెనక్కి సాగుతాడు.

నేను దీని పక్షమే. కట్ట మీద రాతి పరుపుపై కూర్చున్నవాడికి గాలం ఎంత దూరం పడితే చెరువు అంతవరకే. చెరువు నిండిన ఏడాది కొర్రమీను మాత్రం ఆ రాళ్ల దగ్గర ఉండదు. మునిగిన కంపచెట్ల మధ్య, తుంగ అంచున ఉంటుంది, గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు చిన్న బుడగ కనిపిస్తుంది. ట్యూబులో ఉన్నవాడు ఆ బుడగకు పది గజాల దూరం దాకా చప్పుడు లేకుండా పోగలడు. మన తల నీటికి రెండు మూడు అడుగుల ఎత్తులోనే ఉండటం వల్లనేమో, నీటికాకులు కూడా మనల్ని మనిషిగా లెక్కపెట్టవు. పెద్ద బొచ్చె చేప గాలానికి తగిలినప్పుడు కర్ర వంగడంతో ఆగదు, మనిషితో సహా తెప్ప గిర్రున తిరిగి చేప పోయే దిక్కుకు సాగుతుంది. నలభై ఏళ్లు దాటిన తరువాత నన్ను ఇంకొకరు లాక్కుపోతుంటే నవ్వు వచ్చింది అక్కడొక్కచోటనే.

అగచాట్లు కూడా దాచను. రెక్కలు తొడుక్కొని నీటిలోకి వెనుకడుగులతోనే దిగాలన్న సంగతి తెలియక మొదటిరోజు ముందుకు నడిచి, గొర్రెల కాపరులు చూస్తుండగా బోర్లా పడ్డాను. ఆషాఢంలో ఒక ఉదయం పడమటి గాలి లేచి నన్ను తూర్పు ఒడ్డుకు తోసుకుపోయింది. కాళ్లు పీకేదాకా తన్నినా కట్ట దగ్గరపడలేదు. చెప్పులు, బండి తాళం, ఫోను కట్ట మీదే ఉండిపోగా, సర్కారు తుమ్మ ముళ్లు పరచుకున్న చెరువు అంచు వెంబడి రబ్బరు రెక్కలతో నడిచి రావడానికి మధ్యాహ్నం దాటింది.

పుట్టిలో పెరిగినవాడు (కర్నూలు):

కట్ట దిగినవాడు గారు తమ కష్టాన్ని నవ్వుతూ చెప్పారు గాని, తమ వాదానికి అదే గొడ్డలిపెట్టు అని గమనించలేదు. మా తాతగారు సుంకేసుల దిగువన పుట్టి వేసేవారు. వెదురుతో అల్లి అడుగున తోలు కప్పిన పుట్టికి ముందు, వెనుక అనేవి లేవు, తెడ్డు సరిగా పడకపోతే అదీ బొంగరంలాగా తిరుగుతుంది. అయినా ఎదురుగాలిలో దానిని ఒడ్డుకు చేర్చగల చేతులు ఉన్నాయి. మీ తెప్పకు ఉన్నవి రెండు పాదాలు మాత్రమే. ఆషాఢపు గాలిని గాలిమరలు పెట్టి కరెంటుగా మార్చుకుంటున్న జిల్లాలో ఉంటూ, ఆ గాలికి పాదాలతో ఎదురీదుతానని బయలుదేరడం ధైర్యం కాదు, లెక్క తప్పడం. వెళ్లేటప్పుడే గాలికి ఎదురు తన్నుకుంటూ పోయి, అలసిన తరువాత గాలే ఒడ్డుకు తెచ్చేటట్టు చూసుకోవాలన్న మొదటి పాఠాన్ని మీరు తిరగేశారు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. శ్రీశైలం వెనుక జలాల్లోను, తుంగభద్రలోను మొసళ్లు ఉన్నాయి. పుట్టిలో కూర్చున్నవాడికి కనీసం అడుగున వెదురు తడిక అడ్డం ఉంటుంది. సంగమేశ్వరం గుడి మునిగి ఉన్న నెలల్లో అక్కడ ట్యూబు మీద కాళ్లు వేలాడదీసి తేలుతానని ఎవరైనా అంటే, నేను వాదించను, అతని ఇంటివారికి ఫోను చేస్తాను.

మైలవరం గాలం (కడప):

మొసలి మాట అటుంచండి, మా దగ్గర ఎండే చాలు. నేను కొన్న తెప్ప కాదు, లారీ ట్యూబుకు నవారు అల్లి చేసుకున్నాను. మే నెలలో కట్ట మీద గట్టిగా గాలి కొట్టించి ఎండలో ఉంచాను; నీటిలోకి దిగిన పావుగంటకే ట్యూబు మెత్తబడి నడుము దాకా దిగిపోయాను. ఆరోజు జెల్ల ముల్లు గుచ్చుకొని పంక్చరైందని అందరికీ చెప్పాను. పంక్చర్ షాపతను తొట్టిలో ముంచి చూసి ఒక్క బుడగ కూడా లేదన్నాడు. తరువాత లెక్క వేస్తే అర్థమైంది. నల్ల రబ్బరు లోపలి గాలి అరవై డిగ్రీల దాకా వేడెక్కిందనుకుందాం, నీరు ఇరవై ఎనిమిది డిగ్రీలు. పరమ ఉష్ణోగ్రతలో, అంటే డిగ్రీలకు 273 కలిపి చెప్పుకుంటే 333 నుంచి 301కి దిగింది, అంటే లోపలి గాలి దాదాపు పదో వంతు కుంచించుకుపోయింది. అప్పటి నుంచి ట్యూబును ముందు నీటిలో చల్లబరచి, మళ్లీ గాలి కొట్టి ఎక్కేవాడిని. ఒడ్డుకు రాగానే కొంత గాలి వదిలేసేవాడిని, లేకపోతే ఎండకు ఉబ్బి నవారు కుట్లు తెగేవి.

అందువల్ల నేను మధ్యస్థంగా ఉన్నాను, కాని ఒక విషయంలో మాత్రం కఠినంగా చెబుతాను. గుండ్రటి ట్యూబులో నడుమ సీటు కట్టుకొని కాళ్లు దూర్చి కూర్చోవడం ఇక మానేయాలి. అది తలకిందులైతే తల నీటిలోను, కాళ్లు సీటులోను ఇరుక్కుంటాయి. ఈత వచ్చినవాడు కూడా బయటపడటం కష్టం. అందుకే చివరికి నేను నాదానిని పిల్లలకు ఇవ్వకుండా కత్తితో కోసేశాను.

మత్స్య సంఘ సభ్యుడు (కడప):

అందరూ మీ ప్రాణాల గురించే మాట్లాడుతున్నారు, సంతోషం. చెరువు ఎవరిదన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. లీజు సొమ్ము కట్టి, వేలి పొడవు పిల్లలను వదిలి, బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కిలో తూగేదాకా ఎదురు చూసేది మా సంఘంవాళ్లు. కట్ట మీద గాలం వేసి రెండు జిలేబి చేపలు పట్టుకుపోయేవాడిని మేము ఎన్నడూ అడగలేదు, అడగం. ట్యూబువాడు మాత్రం సరిగ్గా మేము రాత్రి వలలు పరచిన చోటికే వస్తాడు. అతని రెక్క నైలాను వలలో చిక్కుకుంటే వల చిరుగుతుంది, అది మా నష్టం. వల చిరగకపోతే మనిషి కదలలేడు, అది అతని చావు. ఒకసారి తెల్లవారుజామున మేము థర్మకోల్ తెప్ప వేసుకొని వెళ్లి, అలా చిక్కినవాడిని విడిపించి తెచ్చాము. వల కోస్తుంటే తన గాలం తీగ తెగుతుందేమోనని ఆయన బాధపడ్డాడు.

కట్ట దిగినవాడు (అనంతపురం):

సంఘ సభ్యుడు గారి మాట నన్ను తాకింది. మొసళ్లకు, గాలికి నా దగ్గర జవాబులు ఉన్నాయి: నదిలోకి, డ్యాము గేట్ల దగ్గరికి, తూము దరిదాపులకు నేను వెళ్లను, లైఫ్ జాకెట్ లేనిదే నీటిని ముట్టను, చెట్ల ఆకులు గలగలమన్న రోజున కట్ట దిగను. వలల సంగతికి మాత్రం జవాబు లేదు, ఎందుకంటే అవి నాకు కనిపించవు. అయితే లీజు ఉన్నంత మాత్రాన నీటి పైభాగం కూడా మీదేనా అన్న ప్రశ్న నాకు ఇంకా మిగిలే ఉంది.

మైలవరం గాలం (కడప):

ఒక చిన్న పక్కమాట. పోరుమామిళ్ల చెరువు గట్టున ఉన్న 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను చెప్పింది. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఆ దోషాల్లో ఒకటి. మీ ఇద్దరి మాటలు చదువుతుంటే ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ లేఖకుడు ట్యూబువాళ్లను ముందే ఊహించాడేమో అనిపించింది.

మత్స్య సంఘ సభ్యుడు (కడప):

శాసనం సంగతి నాకు తెలియదు. నీటి పైభాగం ఎవరిదని మేము కోర్టుకు పోబోవడం లేదు. మా చెరువు వరకు ఒక ఏర్పాటు చెబుతాను: ఎనిమిది గంటలకు వలలు ఎత్తేస్తాము, తరువాత రండి, ముందు రోజు ఫోను చేయండి, మరవ వైపు, అంటే నిండిన చెరువు పొర్లిపోయే అలుగు వైపు పోకండి, నీరు పారుతున్నప్పుడు అక్కడి లాగుడు పైకి కనిపించదు. కొర్రమీను దొరికితే మీరే తీసుకోండి, మేము వదిలిన పిల్లలను అది తింటుంది గనుక మాకు మేలే. పిల్లల గుంపును కాస్తున్న జంటను మాత్రం పట్టకండి.

పుట్టిలో పెరిగినవాడు (కర్నూలు):

ఎనిమిది గంటలకు ఎండ ఎక్కుతుంది, తొమ్మిదికి గాలి లేస్తుంది. ఆ ఒక్క గంట కోసం ఐదారు కిలోల సరంజామా మోసుకుపోయి, చల్లబరచి, మళ్లీ గాలి కొట్టి, వెనుకడుగులతో దిగేవాడిని చూడటానికి నేను కర్నూలు నుంచి వస్తాను. పుట్టి కూడా తెస్తాను. లాక్కురావడానికి డబ్బు అడగను గాని, దొరికిన కొర్రమీనులో సగం నాది.

కట్ట దిగినవాడు (అనంతపురం):

తల భాగం మీకు, తోక భాగం నాకు. చెప్పులు ఈసారి తెప్పకే కట్టుకుంటాను.